ఫస్టు వచ్చిన పిల్ల ఎక్కడికి వెళ్ళింది?

ప్రతి ఏడాదీ పదో తరగతి, ఇంటరు ఫలితాలు వచ్చిన మర్నాడు పేపరు విప్పితే ఒకటే హెడ్డింగు, 'బాలికలదే పైచేయి' అని. ఏడాది మారుతుంది, మంత్రిగారు మారతారు, హెడ్డింగు మాత్రం మారదు. దాని కింద పిల్ల నోట్లో మిఠాయి పెడుతున్న అమ్మానాన్నల ఫోటో. పక్కన ఆ పిల్ల సిగ్గుపడుతూ చెప్పిన రెండు ముక్కలు, డాక్టర్నవుతాననో, కలెక్టర్నవుతాననో. పేపరువాళ్ళు అంతటితో వదిలేస్తారు. పదిహేనేళ్ళ తర్వాత ఆ ఫోటోలో పిల్ల ఎక్కడుందో, ఏం చేస్తోందో వెళ్ళి చూసి రాసిన పేపరు మన దగ్గర నా కంట పడలేదు.

అమెరికాలో ఒక పేపరు ఆ పని చేసింది. ఈవారం ఆ సంగతే మీతో చెప్పుకుందామని కూర్చున్నాను. కుక్కరు దింపేసి, తీరుబడిగా చదవండి.

అక్కడ హైస్కూలు చదువు పన్నెండో తరగతితో అయిపోతుంది. బడి వదిలే రోజున పెద్ద సభ చేస్తారు. పొడుగాటి గౌన్లు, నెత్తిమీద పలకలాంటి టోపీలు, మీరు సినిమాల్లో చూసే ఉంటారు. ఆ సభలో క్లాసు ఫస్టు వచ్చిన పిల్లో పిల్లాడో అందరి తరఫునా వీడ్కోలు ఉపన్యాసం చెప్తారు. వాళ్ళని వాలెడిక్టోరియన్ అంటారు. నోరు తిరగని మాటేగానీ, మన లెక్కలో స్కూలు ఫస్టు అన్నమాట. బోస్టన్ నగరంలో 'బోస్టన్ గ్లోబ్' అనే పాత పేపరు ఏటా ఆ ఊరి బడుల్లో ఫస్టు వచ్చిన పిల్లల ఫోటోలన్నీ కలిపి వేస్తూ వచ్చింది. 2005, 2006, 2007 సంవత్సరాల్లో అలా ఫోటో పడ్డవాళ్ళు 113 మంది. పదేళ్ళు దాటాక ఆ పేపరు విలేకర్లే మళ్ళీ వాళ్ళని వెతుక్కుంటూ వెళ్ళి, 93 మందిని పట్టుకుని మాట్లాడారు. 2019 జనవరిలో ఆ కథలన్నీ అచ్చువేశారు.

అందులో ఏముందో వినండి. డాక్టర్లం అవుతామన్న పిల్లలు దాదాపు నాలుగో వంతు. అన్నేళ్ళకి కూడా వైద్యం పట్టా చేతికొచ్చినవాళ్ళు ఒక్కరంటే ఒక్కరు లేరు! అక్కడ డిగ్రీ నాలుగేళ్ళు. ఆరేళ్ళు గడిచినా ఆ డిగ్రీ పూర్తి చెయ్యలేకపోయినవాళ్ళు దగ్గర దగ్గర నాలుగో వంతు. సంపాదన ఏడాదికి 50 వేల డాలర్ల లోపే ఉన్నవాళ్ళు 40 శాతం. మన రూపాయల్లోకి మార్చి చూస్తే కళ్ళు తిరుగుతాయిగానీ, బోస్టన్ లాంటి ఊళ్ళో ఇంటద్దెలు కట్టుకుని బతికేవాళ్ళకి అది చాలీచాలని జీతమే. అన్నిటికంటే నన్ను పట్టుకుని వదలని ముక్క ఒకటుంది. ఆ ఫస్టు పిల్లల్లో నలుగురు ఏదో ఒక సమయంలో తలదాచుకోను ఇల్లు కూడా లేక గడిపారట.

తెలివి చాలకనా అంటే, కాదు. వాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆ పిల్లే. అమ్మానాన్నలు ఎక్కడెక్కడి నుంచో పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్ళు. బడిలో ఫస్టే, కానీ ఆ బడిలో చెప్పిన లెక్కలకీ కాలేజీలో మొదటి నెలలోనే అడిగే లెక్కలకీ పొంతన లేదు. మంచి బళ్ళ నుంచి వచ్చినవాళ్ళు నవ్వుతూ చేసేస్తుంటే, ఈ పిల్ల ఎప్పుడూ తెలియని ఒంటరితనంతో వెనక బెంచీలో కూర్చుంది. ఎవర్ని అడగాలో తెలియదు. అడిగితే నామోషీ. బడిలో తను అందరికీ చెప్పిన పిల్లాయె! దానికి తోడు ఫీజులు, అప్పులు, ఇంటి దగ్గర తమ్ముళ్ళు. కలిగినవాళ్ళ పిల్ల అయితే ఒక పరీక్ష పోతే నాన్న ఎవరికో ఫోన్ చేస్తాడు, ట్యూషన్ పెట్టిస్తాడు, దాటిపోతుంది. లేనింటి పిల్లకి ఆ ఒక్క పరీక్షతో స్కాలర్‌షిప్పు పోతుంది, దాంతో చదువే పోతుంది. పాలు ఎంత చిక్కటివైనా తోడు వేసి, గోరువెచ్చగా ఒక మూల కదపకుండా పెడితేనే గదా పెరుగయ్యేది. మార్కులు పాలలాంటివి. తోడు వేసే చెయ్యి వేరే ఉండాలి.

ఇది చదివినప్పటి నుంచి నాకు మా బడి బోర్డు గుర్తొస్తూనే ఉంది. మీ బళ్ళల్లో కూడా ఉండే ఉంటుంది. హెడ్మాస్టరుగారి గదిలో గాంధీగారి పటం పక్కన, నల్లరంగు చెక్క మీద తెల్ల పెయింటుతో సంవత్సరం, పేరు, మార్కులు. నేను పది పాసయింది 1996లో. నా పేరు ఆ బోర్డు మీద లేదులెండి, నాది ఎప్పుడూ నాలుగో అయిదో స్థానం! అయినా ఆ బోర్డు అంటే మాకు దేవుడి పటంతో సమానం. పాత విద్యార్థులందరం కలిసి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంది కదా అని, 1990 నుంచి 1999 దాకా ఆ బోర్డు మీద పేర్లు ఒకరి చేత ఫోటో తీయించి, నేనూ ఇద్దరు స్నేహితురాళ్ళూ కలిసి వెతకడం మొదలుపెట్టాం. పది పేర్లు. ఆరుగురు ఆడపిల్లలు, నలుగురు మగపిల్లలు.

మగపిల్లల సంగతి ఒక్క సాయంత్రంలో తేలిపోయింది. ఒకాయన బెంగుళూరులో సాఫ్ట్‌వేరు. ఒకాయన బ్యాంకు మేనేజరు. ఒకాయన లెక్కల మాస్టారు. నాలుగో ఆయన వాళ్ళ నాన్న హఠాత్తుగా పోతే ఇంటరుతో చదువాపి, ఎరువుల కొట్టు చూసుకుంటున్నాడు. ఆయనే అందరికంటే సంతోషంగా మాట్లాడాడని మా స్నేహితురాలు చెప్పింది.

ఆడపిల్లల్ని వెతకడానికి మూడు వారాలు పట్టింది. ఎందుకంటారా? ఇంటిపేర్లు మారిపోయాయి, ఊళ్ళు మారిపోయాయి. కొందరిని అత్తగారింట్లో పిలిచే పేరే వేరు. బోర్డు మీద ఉన్న పేరుతో అడిగితే ఎవరికీ తెలియదు. పలానావారి కోడలు అంటేనే తెలుస్తుంది. ఒకావిడ డాక్టరయింది, ప్రభుత్వాసుపత్రిలో పురుళ్ళు పోస్తోంది. ఎంత గర్వంగా అనిపించిందో! ఇంకొకావిడ ఇద్దరు పిల్లలు పుట్టాక, రాత్రిళ్ళు వాళ్ళని పడుకోబెట్టి చదువుకుని, డీఎస్సీ రాసి టీచరయింది. ఒకావిడకి డిగ్రీ రెండో ఏడులో పెళ్ళయింది, పరీక్షలు రాయలేదు. ఇంకొకావిడకి ఇంటరు అవగానే పెళ్ళి. వాళ్ళాయనకి రైస్ మిల్లు ఉంది. ఇరవై ఏళ్ళుగా ఆ మిల్లు లెక్కలన్నీ ఆవిడే రాస్తుంది, పన్నుల కాగితాలు కూడా. "ఆడిటరు గారికి నేను సర్ది పంపితే ఆయన సంతకం పెడతాడంతే" అందట. జీతమా? సొంత మిల్లుకి జీతమేమిటి అని నవ్వేసిందట. జనాభా లెక్కలకి వచ్చినవాళ్ళకి ఆవిడ వృత్తి ఏమని రాయించి ఉంటారో నేను వేరే చెప్పక్కర్లేదు.

అయిదో ఆవిడ అమెరికాలో ఉంది. ఆవిడ గురించి తర్వాత చెప్తాను. ఆరో ఆవిడ మాత్రం దొరకలేదు. 1992లో బడి మొత్తానికి ఫస్టు వచ్చిన పిల్ల. వాళ్ళ నాన్నగారు ట్రాన్స్‌ఫరయి వెళ్ళిపోయారు, తర్వాత పెళ్ళయిందని విన్నాం, అంతే. బోర్డు మీద మార్కులున్నాయి, మనిషి ఎక్కడో తెలియదు.

మరి చదువు మధ్యలో ఆగకుండా డిగ్రీలు పుచ్చుకున్న ఆడపిల్లల మాటేమిటి? దీనికి కూడా అమెరికాలోనే ఒక మంచి పరిశీలన ఉంది. ఇలినాయ్ రాష్ట్రంలో 1981లో హైస్కూలు ముగించిన ఫస్టు, సెకండు పిల్లలు 81 మందిని ఎంచుకున్నారు. అందులో ఆడపిల్లలు 46 మంది, మగపిల్లలు 35 మంది. టెర్రీ డెన్నీ అనే ప్రొఫెసరుగారు మొదలుపెడితే, కారెన్ ఆర్నాల్డ్ అనే ఆవిడ ఆ పని పట్టుకుని పద్నాలుగేళ్ళ పాటు వాళ్ళ వెంట నడిచింది. 1995లో దాన్ని పుస్తకంగా వేసింది. ఆ పిల్లలు బోస్టన్ పిల్లలంత ఇబ్బంది పడలేదు. దాదాపు అందరూ డిగ్రీలు పూర్తిచేశారు. 1994 నాటికి 60 శాతం మంది పైచదువులు కూడా చదివారు. లాయర్లు, ఇంజనీర్లు, డాక్టర్లు, అకౌంటెంట్లు అయి, చక్కగా స్థిరపడ్డారు. ప్రపంచాన్ని తలకిందులు చేసేటంత పనులు చేసినవాళ్ళు మాత్రం వాళ్ళలో పెద్దగా లేరని ఆవిడ తేల్చింది. నాకు అందులో తప్పేమీ కనపడలేదు. చెప్పిన పని చెప్పినట్టు, అన్ని సబ్జెక్టుల్లోనూ శ్రద్ధగా చేసే పిల్లే కదా ఫస్టు వచ్చేది! అలాంటివాళ్ళ వల్లనే ఆసుపత్రులూ, బ్యాంకులూ సవ్యంగా నడుస్తున్నాయి.

నేను మళ్ళీ మళ్ళీ చదివింది ఇంకో లెక్క. 'మీ తోటివాళ్ళతో పోలిస్తే మీ తెలివి ఎంత?' అని ఆ పిల్లల్ని అప్పుడప్పుడూ అడుగుతూ వచ్చారు. బడి వదిలేటప్పుడు, 'మామూలువాళ్ళ కంటే చాలా ఎక్కువ' అన్న మగపిల్లలు 23 శాతం, ఆడపిల్లలు 21 శాతం. సరిసమానమే కదూ. కాలేజీలో రెండో ఏడు వచ్చేసరికి మగపిల్లలు 22 శాతం, ఆడపిల్లలు 4 శాతం. డిగ్రీ ఆఖరి ఏడుకి మగపిల్లలు 25 శాతం. ఆడపిల్లలు? సున్నా! ఒక్కరు కూడా లేరు. పోనీ మార్కులేమైనా తగ్గాయా అంటే, లేదు. ఆడపిల్లలకి మగపిల్లల కంటే ఏమాత్రం తక్కువ రాలేదు. చేతిలో మార్కుల కాగితం అలాగే ఉంది, మనసులో తన మీద తనకున్న లెక్క మాత్రం కరిగిపోయింది.

అప్పుడేం జరిగిందో కూడా ఆవిడ అడిగి తెలుసుకుంది. సరిగ్గా ఆ రెండో ఏడు నుంచే ఆడపిల్లలు పెళ్ళి, పిల్లలు, ఇల్లు వీటిని తమ ఉద్యోగం లెక్కలో కలిపి చూసుకోవడం మొదలుపెట్టారట. మగపిల్లలు ఆ లెక్క వేసుకోలేదు. వాళ్ళూ పెళ్ళిళ్ళు చేసుకున్నారు, వాళ్ళకీ పిల్లలు పుట్టారు. కానీ దాని కోసం పంతొమ్మిదేళ్ళప్పుడే డాక్టరు చదువుని నర్సు చదువుగా తగ్గించుకోవాలని వాళ్ళకి తోచలేదు. ఇంకా ఎవరూ అడగకముందే, పెళ్ళికొడుకు ఎవరో కూడా తెలియకముందే, ఆడపిల్ల తన వాటా తగ్గించుకుని పక్కన పెట్టేసింది. ఇంట్లో అందరికీ వడ్డించి, గిన్నెలో మిగిలింది తిని 'నాకు ఆకలిగా లేదు' అనడం మనకి కొత్తా?

ఇప్పుడు మా బోర్డు మీద అయిదో ఆవిడ సంగతి. 1994లో ఫస్టు. ఇంటరు, ఎంసెట్, 2000లో బీటెక్. హైదరాబాదులో ఏడాదిన్నర ఉద్యోగం. 2002లో పెళ్ళి, అమెరికా ప్రయాణం. కుర్రాడికి హెచ్-1 వీసా, ఈవిడకి దాని వెంట వచ్చే హెచ్-4 వీసా. మన తెలుగిళ్ళల్లో ఈ మాటలు తెలియనివాళ్ళు ఇప్పుడెవరూ లేరు. ఆ రోజుల్లో హెచ్-4 మీద వెళ్ళిన భార్య అక్కడ ఒక్క డాలరు జీతానికి పనిచెయ్యడానికి వీల్లేదు. చట్టమే అంత. 2015 మే నెల నుంచి, భర్త గ్రీన్ కార్డు దారిలో కొంత దూరం వెళ్ళి ఉంటే, భార్య పని అనుమతికి అర్జీ పెట్టుకోవచ్చని రూలు మార్చారు. ఈవిడకి అనుమతి చేతికొచ్చేసరికి పదమూడేళ్ళు దాటాయి. కంప్యూటర్లలో పదమూడేళ్ళంటే, మన కట్టెల పొయ్యికీ ఇండక్షన్ పొయ్యికీ ఉన్నంత తేడా. ఇప్పుడు సాయంత్రాలు పిల్లలకి లెక్కలు చెప్తోంది. ఫోన్లో మాతో గంటసేపు మాట్లాడింది. "నన్నెవరూ చదువు మానమనలేదే. అందరూ మంచి సంబంధం అన్నారు, మంచి సంబంధమే కూడా. వీసా కాగితం మీద నా గురించి ఏం రాసి ఉందో పెళ్ళికి ముందు మా నాన్నా అడగలేదు, నేనూ అడగలేదు" అంది.

అమెరికా సంబంధం చూసే తల్లులకి నేను చెప్పేది ఇదే. కుర్రాడి జీతం, కార్లు, ఇల్లు అన్నీ అడుగుతాం. పిల్ల ఏ వీసా మీద వెళ్తుంది, వెళ్ళాక ఉద్యోగం చెయ్యడానికి అనుమతి ఉంటుందా, ఉంటే ఎన్నాళ్ళకి? ఈ మూడు ముక్కలు కూడా అడగండి. అడిగితే సంబంధం చెడిపోదు. చెడిపోయేదైతే ముందే తెలియడం మంచిదే.

సంబంధాల దాకా ఎందుకు, పది పాసయిన నెలలోనే సగం దారి తేలిపోతుంది. మా వీధి చివర కుట్టుమిషను పెట్టుకున్న అమ్మాయి ఉంది. నన్ను అక్కా అంటుంది. వాళ్ళాయన ఆటో నడుపుతాడు. వాళ్ళ పాప జిల్లా పరిషత్ బళ్ళో చదివి, పోయిన సంవత్సరం పదిలో 600కి 581 తెచ్చుకుంది. వీధంతా లడ్డూలు పంచారు. వారం తిరిగేసరికి మాట మారింది. పాప అన్నని రెండేళ్ళ కిందటే అప్పుచేసి పట్నంలో పెద్ద కాలేజీలో, హాస్టల్లో వేశారు. వాడికి పదిలో వచ్చింది దీనికంటే డెబ్భై తక్కువ. ఇప్పుడు దీనికి ఎంపీసీ కావాలి. ఎంపీసీ ఉన్న మంచి కాలేజీకి రెండు బస్సులు మారాలి. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు బస్సు కోసం నిలబడాల్సిన చోటు బ్రాందీ షాపు ఎదురుగా.

"వదినగారూ, ఆడపిల్లని అట్లా పంపి నేను ఆటో నడపగలనా? మనసంతా అక్కడే ఉంటుంది. ఇక్కడే మనూరి కాలేజీలో సీఈసీలో చేర్పిస్తే పోయె" అన్నాడు వాళ్ళాయన.

అతను చెడ్డవాడా? కానే కాదు. పిల్లంటే ప్రాణం. అతను చెప్పిన భయం ఒక్క మా వీధిదే కూడా కాదు. గిరిజా బోర్కర్ అనే ఆర్థికశాస్త్రం చదివినావిడ ఢిల్లీ యూనివర్సిటీ కాలేజీల పిల్లల మీద ఇదే పరిశీలన చేసింది. అక్కడ మార్కుల్ని బట్టి ఏ కాలేజీలో సీటు వస్తుందో తేలుతుంది. మంచి మార్కులున్న ఆడపిల్లలు కూడా, వచ్చే మంచి కాలేజీని వదులుకుని దానికంటే బాగా తక్కువ కాలేజీలో చేరడానికి సిద్ధపడుతున్నారట. ఎందుకంటే దారిలో ఏడిపించేవాళ్ళు తక్కువని! భద్రమైన దారి కోసం మగపిల్లల కంటే ఏడాదికి 18,800 రూపాయలు ఎక్కువ ఖర్చు పెట్టుకోవడానికి కూడా వాళ్ళు సిద్ధమేనని ఆవిడ లెక్క కట్టింది. అంటే పిల్ల పుస్తకాలతో తెచ్చుకున్న మార్కులు బస్టాపు దగ్గర పోతున్నాయన్నమాట.

పెద్ద చదువుల్లో దీని ఫలితం కనపడకుండా ఉంటుందా? పదిలో, ఇంటరులో పైచేయి ఆడపిల్లలదే అంటాం కదా, 2016లో ఐఐటీల్లో చేరినవాళ్ళలో ఆడపిల్లలు ఇంచుమించు 8 శాతం మాత్రమే. తెలివి ఇంటరుకీ ఐఐటీకీ మధ్య ఆవిరైపోయిందనుకోవాలా? రెండేళ్ళ కోచింగు, లక్షల ఫీజు, దూరపు హాస్టలు, ఇవన్నీ కొడుక్కే పెడతాం. 2018 నుంచి మగపిల్లల సీట్లు తగ్గించకుండానే ఆడపిల్లలకి అదనంగా సీట్లు కలపడం మొదలుపెట్టారు. రెండు మూడేళ్ళలో వాళ్ళ వాటా 20 శాతం దాకా వచ్చింది. ఆ సీట్లలో చేరిన పిల్లలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. అంతకుముందూ ఉన్నారు, ఇంకెక్కడో సర్దుకున్నారు.

కుట్టుమిషను అమ్మాయి ఇంటికి వస్తాను. నాకు తెలిసింది ఒక్కటే, ట్రిపుల్ ఐటీ. మన ఉమ్మడి రాష్ట్రంలో 2008లో పెట్టారు, బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో. విడిపోయాక బాసర తెలంగాణకి వెళ్ళింది, ఆంధ్రలో ఒంగోలు, శ్రీకాకుళం కలిశాయి. పదిలో మార్కుల్ని బట్టే తీసుకుంటారు. ప్రభుత్వ బడుల పిల్లలకి కొంత అదనంగా కలుపుతారు. ఇంటరుకి సమానమైన రెండేళ్ళు, ఇంజనీరింగు నాలుగేళ్ళు, మొత్తం ఆరేళ్ళూ ఒకేచోట. హాస్టలు లోపలే. బస్సూ లేదు, బ్రాందీ షాపూ లేదు! అర్హత ఉన్న కుటుంబాలకి ఫీజు రీయింబర్స్‌మెంటు కూడా వర్తిస్తుంది. ఊళ్ళల్లో ఫస్టు వచ్చిన పిల్లల్ని ఏరి ఒకచోట పెట్టి చదివించాలన్న ఆలోచన మనకి పాతదే. పి.వి. నరసింహారావుగారి చొరవతో 1971లో సర్వేల్లో గురుకులం పెట్టింది అందుకే. అక్కడ చదివిన పల్లెటూరి పిల్లలు పెద్ద పెద్ద అధికారులయ్యారు.

ఈ సంగతి చెప్పేసరికి ఆ తల్లి, "అక్కా, ఇది మాకెవరూ చెప్పలేదే" అంది. 581 తెచ్చుకున్న పిల్ల ఇంట్లో తెలియదు! వీధంతా లడ్డూలు తిన్నాం, ఒక్కరం నోరు విప్పి చెప్పలేదు. వాళ్ళాయన రెండు రోజులు ఊగిసలాడాడు. ఆరేళ్ళంటే పెళ్ళి ఈడు దాటిపోతుందన్నాడు. మా అత్తయ్యగారు గుమ్మంలో కూర్చుని వత్తులు చేసుకుంటూ, "పదహారుకి ఆరు కలిపితే ఎంతరా అబ్బాయ్, ఇరవై రెండేగా. నీ కొడుక్కి ఇరవై రెండుకే చేస్తావేంటి పెళ్ళి?" అన్నారు. అతను నవ్వేసి ఊరుకున్నాడు. అర్జీ ఆఖరి తేదీకి ఒక రోజు ముందు పెట్టారు. లిస్టులో పేరొచ్చింది.

పిల్ల వెళ్ళిన మొదటి రెండు నెలలూ రోజూ ఏడుపే. ఫోన్లో "పెద్దమ్మా, ఇక్కడందరూ ఫస్టులే, నేనేం కాను" అంది. నాకు ఇలినాయ్ పిల్లల లెక్క గుర్తొచ్చి గుండె గతుక్కుమంది. సరిగ్గా ఈ చోటే కదూ వాళ్ళు జారింది! ధైర్యంగా ఉండమ్మా అంటే సరిపోదని తోచింది. ఏ సబ్జెక్టులో వెనకబడిందో అడిగాను. ఫిజిక్సు అంది. ఇంగ్లీషులో చెప్తుంటే అందడం లేదట. క్లాసు అయ్యాక లెక్చరరుగారి దగ్గరికి వెళ్ళి ఒక్క ప్రశ్న, ఒక్కటంటే ఒక్కటే, రోజూ అడిగి రమ్మన్నాను. వాళ్ళమ్మతో కూడా, 'బెంగగా ఉందా, తిన్నావా' అని మాత్రమే అడక్కుండా, 'ఇవాళ ఏం అడిగావు?' అని కూడా అడగమని చెప్పాను. పెద్దవాళ్ళు ఒకరు పట్టించుకుని, పనిలో పెట్టి, నువ్వు చెయ్యగలవని చేసి చూపిస్తే ఆడపిల్లలు నిలబడ్డారని ఆ పుస్తకం రాసినావిడా చెప్పింది. ఇప్పుడు ఫిజిక్సులో క్లాసు ఫస్టేమీ కాదు. మధ్యలో ఎక్కడో ఉంది. ఏడుపు మాత్రం మానింది. దసరాకి వచ్చినప్పుడు వాళ్ళ నాన్న ఆటోకి ఫోన్ ఛార్జింగు పెట్టుకునే ప్లగ్గు బిగించి వెళ్ళింది.

ఏప్రిల్, మే నెలల్లో ఫలితాలు వచ్చాక అర్జీలకి ఉండే వ్యవధి చాలా తక్కువ. కుల, ఆదాయ ధ్రువపత్రాల కోసం సచివాలయం చుట్టూనో, మీసేవ చుట్టూనో తిరగడానికే వారం పోతుంది. మార్చిలో పరీక్షలు అవుతుండగానే అవి తీయించి పెట్టుకోండి. ఆధార్‌లో పేరూ బడి రికార్డులో పేరూ అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో చూసుకోండి, ఎక్కువమంది అర్జీలు ఇక్కడే ఆగుతాయి. ట్రిపుల్ ఐటీ రాకపోతే గురుకుల జూనియర్ కాలేజీలు ఉన్నాయి, వాటికి ప్రవేశ పరీక్ష వేసవిలోనే ఉంటుంది. పాలిటెక్నిక్ ఉంది. పాలిసెట్ రాసి మూడేళ్ళ డిప్లొమా చదివితే, ఈసెట్ రాసి నేరుగా ఇంజనీరింగు రెండో ఏడులో చేరొచ్చు. ఖర్చుకి వెనకాడే ఇంట్లో ఇది చాలా మంచి దారి.

మా బోర్డు మీద 1992 పేరు కోసం ఇంకా వెతుకుతున్నాం. మీ ఊరి బళ్ళో కూడా అలాంటి బోర్డు ఉంటే, ఈ సెలవుల్లో వెళ్ళి ఒక్కసారి చూడండి. ఆడపిల్లల పేర్లు ఎన్ని ఉన్నాయి, వాళ్ళలో ఎంతమంది ఎక్కడున్నారో మీకు తెలిసింది నాలుగు ముక్కలు రాసి పంపండి. పేర్లు రాయక్కర్లేదు. సంవత్సరం, ఇప్పుడు ఏం చేస్తున్నారు, అంతవరకు చాలు.